నల్లాలో గండిపేట

హైదరాబాద్ శివార్లలోని గండిపేట చెరువు కట్ట దగ్గర నేను తిట్లు తిన్నది ఐదో తరగతిలో. ఆదివారం. నాన్న, ఆయన ఆఫీసు స్నేహితుల కుటుంబాలు రెండు, ఒక గిన్నెలో పులిహోర, ఇంకో గిన్నెలో బగారా అన్నం, పరుచుకోవడానికి పాత దుప్పట్లు, ఒక ట్రాన్సిస్టర్. తిన్నాక పెద్దవాళ్లు మాటల్లో పడ్డారు. మేం నలుగురు పిల్లలం మెల్లగా నీళ్ల అంచుదాకా దిగాం. చెప్పులు విప్పి పాదాలు పెట్టామో లేదో పైనుంచి కేక.

"అరేయ్ పిలగాండ్లూ! బయటికి రాండ్రి! రేపొద్దుగాల గవే నీళ్లు మీ అమ్మ నల్లాల పట్టి మీకే తాపుతది!"

ఖాకీ చొక్కా వేసుకున్న కావలి మనిషి. కర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. మేం చెప్పులు చేతిలో పట్టుకుని పరుగో పరుగు. నాన్న ఆయన్ను ఏమీ అనలేదు. మమ్మల్ని దగ్గరికి పిలిచి, "ఆయన చెప్పింది నిజమేరా, మనింటికొచ్చే నీళ్లు ఇవే" అన్నాడు. ఆ సాయంత్రం ఆసిఫ్‌నగర్‌లో మా ఇంటి నల్లా కింద బిందె నిండుతుంటే దాని ముందు కూర్చుని చూడటం నాకింకా గుర్తుంది. మధ్యాహ్నం చూసిన అంత పెద్ద చెరువు ఇంత సన్నని ధారగా మా వాకిట్లోకి ఎలా వచ్చిందా అని.

నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు నేనుండేది నార్సింగి దగ్గర, పద్నాలుగో అంతస్తులో. ఈ ఫ్లాటు కొనేటప్పుడు బ్రోచర్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్న మాట "లేక్ వ్యూ". బాల్కనీలో ఎడమ మూలకు నిలబడితే దూరంగా గండిపేట వెండి గీతలా కనిపిస్తుంది. ఆ గీత కోసం నేను అదనంగా డబ్బు కట్టాను. కట్టినందుకు సంతోషించాను కూడా. పోయిన ఏడాది మా అమ్మాయి అక్కడే నిలబడి అడిగింది, "నాన్నా, మనం తాగేది అదేనా?" నాకు తెలియదు. నల్లా నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో ఐదో తరగతిలో తెలిసినవాణ్ణి, యాభై దాటాక తెలియకుండా బతుకుతున్నాను.

మా వైపు నీళ్లు వదిలే లైన్‌మన్‌ను అడిగాను. "మీ బిల్డింగ్‌కు వేరే లైను సార్. గండిపేట నీళ్లు కిందికి పోతయ్, ఆసిఫ్‌నగర్ దిక్కు" అన్నాడు.

అంటే గండిపేటను చూసేవాణ్ణి నేను. తాగేది ఆసిఫ్‌నగర్‌లో ఇంకా ఉంటున్న మా మేనత్త. ఆవిడ దాన్ని చూసి పాతికేళ్లయింది. ఈ ఎడం గురించే ఈ వ్యాసం. నా వాదన ఒక్కటే: ఊరు ఏ చెరువు నీళ్లు తాగడం మానేస్తుందో ఆ చెరువుకు ఆ రోజునుంచే చావు మొదలవుతుంది. చుట్టూ ఎన్ని పార్కులు కట్టినా, ఎన్ని పడవలు తిప్పినా, షికారు దాన్ని కాపాడలేదు. అందుకే గండిపేట, దాని జంట జలాశయం హిమాయత్‌సాగర్ నీళ్లు ఈ నగరం తాగుతూనే ఉండాలి. ఇప్పుడు తాగుతున్నదానికంటే ఎక్కువే తాగాలి.

నేను ఊహించి చెప్తున్నది కాదిది. హైదరాబాద్‌లో ఇప్పటికే రెండుసార్లు జరిగింది.

హుస్సేన్‌సాగర్ 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా నీళ్లు తెచ్చి నింపేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా అది తాగునీటి చెరువు. ఈ మాట మా అమ్మాయి స్నేహితులకు చెప్తే నమ్మలేదు. "ఆ నీళ్లా అంకుల్?" అని ముఖం అదోలా పెట్టారు. పిల్లల తప్పు లేదు. వాళ్లకు తెలిసిన హుస్సేన్‌సాగర్ అంటే ట్యాంక్‌బండ్, బుద్ధుడు, పడవలు, రాత్రి లైట్లు, అప్పుడప్పుడూ ముక్కు మూసుకోవాల్సి రావడం. నగరానికి వేరే నీళ్లు వచ్చాక ఆ చెరువులోకి ఏం కలుస్తుందో చూసుకునే అవసరం ఎవరికీ లేకపోయింది. బాలానగర్, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలను కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చింది. కాలనీల మురుగు వచ్చింది. తర్వాత జపాన్ రుణంతో శుద్ధి పథకాలు పెట్టారు, మురుగును దారి మళ్లించారు, పూడిక తీశారు. అంతా చేశాక కూడా ఆ నీళ్లు గ్లాసులో పోసి తాగే రోజు మళ్లీ రాలేదు. షికారుకు మాత్రం ఏ లోటూ లేదు. తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి, సాయంత్రం అయితే జనం కిటకిటలాడుతున్నారు. నా మాటకు ఇదే సాక్ష్యం. దేశంలో ఇంతమంది షికారుకొచ్చే చెరువులు ఎన్నో ఉండవు. అంతమంది ప్రేమించినా దాని నీళ్లు బాగుపడలేదు.

రెండోది మీర్ ఆలం చెరువు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టింది. దాని కట్ట ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులు పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటుంది. ఇలాంటి కట్టల్లో ప్రపంచంలోనే పాతవాటిలో ఇదొకటి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు దూరం నుంచి వచ్చి చూడాల్సిన కట్టడం. గండిపేట రాకముందు పాతబస్తీ తాగింది దీని నీళ్లే. ఇప్పుడది జూపార్కు పక్కన ఉన్న చెరువు. దాని మీద పరుచుకునే గుర్రపుడెక్కను ఏటా తీస్తుంటారు, ఏటా మళ్లీ పెరుగుతుంటుంది. గుర్రపుడెక్క ఊరికే పెరగదు. నీళ్లలో మురుగు కలిసే కొద్దీ పెరుగుతుంది.

ఇక మూడోసారి వంతు గండిపేటది. అది ఎందుకు పుట్టిందో చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసిన రోజు. పోయినవాళ్లు పదిహేను వేలకు తక్కువ కాదని చెప్తారు. నది మీదున్న వంతెనల్లో కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వీలైతే వెళ్లి చూడండి. నేను వెళ్లినప్పుడల్లా ఆ కొమ్మల మీద నూటయాభై మంది ఎలా పట్టారా అని తలెత్తి చాలాసేపు చూస్తాను. ఆ వరద ఒక్క వానతో వచ్చింది కాదు. ఎగువన మూసీ పరీవాహకంలో వందల కొద్దీ చిన్న చెరువులుండేవి. ఆ రాత్రి వాటిలో రెండు వందలకు పైగా తెగాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి ఇంకో దాని మీద పడటం. అలా ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చి నగరం మీద పడ్డాయి.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. విశ్వేశ్వరయ్య నది వెంట తిరిగి లెక్కలు కట్టి, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. వరదను అక్కడే ఆపి మెల్లగా వదలాలన్నది ఉద్దేశం. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అన్న పేరు బోర్డుల మీద ఉంటుంది. జనం నోట్లో మాత్రం అది గండిపేటే.

వరద కోసం పుట్టిన చెరువు తాగునీటి చెరువు కూడా అయింది. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. గండిపేట నిండు మట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు. నగరం దానికి పల్లంలో ఉంది. అందుకే గండిపేట నీళ్లు కాలువలో వాటంతట అవే నడుచుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేవి. హిమాయత్‌సాగర్ నీళ్లు మీర్ ఆలం ఫిల్టర్లకు. మోటారు లేదు, పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. ఏటవాలే వాటిని నడిపించింది. వందేళ్ల కిందట లెక్కగట్టి పెట్టిన ఆ వాలు ఈ రోజుకీ పనిచేస్తోంది. "గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడు" అని మా ఇంట్లో అందరూ అనేవారు. నాన్న నల్లగొండ జిల్లా నుంచి రెండేళ్ల ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఎవరైనా కారణం అడిగితే నల్లా వైపు చూపించేవాడు.

తర్వాత నగరం పెరిగింది. 1960ల్లో మంజీరా వచ్చింది. ఆ తర్వాత సింగూరు, 2004 నుంచి కృష్ణ, ఆపైన ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఈ నీళ్లు నడిచి రావు. కృష్ణ, గోదావరి అయితే వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మెట్టు మెట్టుకూ మోటార్లు పెట్టి ఎత్తి తేవాలి. కోటి మంది దాటిన ఊరికి ఆ నీళ్లు కావాలి, కాదనను. అయితే ఆ నీళ్లు వచ్చే కొద్దీ గండిపేట మన గ్లాసులోంచి జరిగి జరిగి బాల్కనీలోకి వెళ్లింది.

దీనికి గుర్తు రెండు జీవోలు. మొదటిది 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో. రెండు జలాశయాల నిండు మట్టం నుంచి పది కిలోమీటర్ల లోపల కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదంది. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, శంషాబాద్ లాంటి మండలాల్లో 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. లక్షా ముప్పై రెండు వేల ఎకరాలకు పైమాట. శంషాబాద్ దగ్గర ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకటి పెట్టే విషయంలో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 డిసెంబర్‌లో కోర్టు ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన మినహాయింపు చెల్లదంది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఆ కేసులో తేలిన సూత్రం ఇప్పటికీ న్యాయవిద్యార్థులు చదువుకుంటారు: హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగనక్కర్లేదు, హాని జరగదని చూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే. కోర్టు అంత గట్టిగా నిలబడగలిగింది ఎందుకు? ఆ నీళ్లు లక్షల మంది తాగుతున్నారు కాబట్టి. అందంగా కనిపించే చెరువు కోసం అయితే ఏ కోర్టైనా అంత దూరం వెళ్లేదా? నాకు నమ్మకం లేదు.

రెండోది 2022 ఏప్రిల్ 12న వచ్చిన 69 జీవో. 111 ఆంక్షలను అది తీసేసింది. చెప్పిన కారణం: నగరం తాగే నీళ్లలో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం కన్నా తక్కువ, కాబట్టి నగరం వీటి మీద ఆధారపడి లేదు.

నేను చెప్పేదానికి ప్రభుత్వమే రాసిచ్చిన రుజువు ఇది. తాగినంతకాలం రక్షణ ఉంది. తాగడం తగ్గగానే, ఆ తగ్గడాన్నే కారణంగా చూపించి రక్షణ తీసేశారు.

ఆ శాతం లెక్క నాకు మింగుడుపడదు. కృష్ణా, గోదావరి వచ్చి మొత్తం పెరిగింది కాబట్టి గండిపేట వాటా చిన్నదిగా కనిపిస్తోంది. ఇంట్లో నలుగురు సంపాదించడం మొదలుపెట్టాక తాత పెన్షన్ శాతంలో తగ్గుతుంది. అంతమాత్రాన ఆ పెన్షన్ కాగితాలు చించేస్తామా? పైగా ఆ పెన్షన్ మోటారు లేకుండా, కరెంటు లేకుండా నెలనెలా వచ్చేది. ఎక్కడో పంపింగ్ స్టేషన్‌లో ఒక పెద్ద మోటారు ఆగితే, పైపు పగిలితే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ల కోసం ఎంత టెన్షన్ పడతామో నాకు తెలుసు. అలాంటి రోజున ఊరికి మిగిలే నీళ్లు, దానంతటదే నడిచొచ్చే నీళ్లు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. గండిపేటలోకి వచ్చే నీళ్లే తగ్గాయి. 2016లో చెరువు దాదాపు ఎండిపోయింది. ఎగువన చెక్‌డ్యాములు, బోర్లు, కాలువలకు అడ్డంగా లేచిన గోడలు, పూడిక, అన్నీ కలిసి చేసిన పని అది. ఎండిన చెరువు చాలామందికి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. రెండేళ్లు వరసగా నీళ్లు రాకపోతే నిండు మట్టం హద్దు చూపే ఎఫ్‌టీఎల్ రాళ్లు మట్టిలో కలిసిపోతాయి, కంచె లేస్తుంది, కంచె లోపల గది లేస్తుంది. మళ్లీ వాన పడేసరికి నీళ్లకు వాటి చోటు ఉండదు.

ఆ వాన పడుతుంది కూడా. 2020 అక్టోబర్‌లో పడింది, హిమాయత్‌సాగర్ గేట్లు పదేళ్ల తర్వాత ఎత్తారు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి రెండు జలాశయాల గేట్లూ ఎత్తి ఉన్నాయి, మూసీ ఒడ్డు దాటి ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చేసింది. ప్రయాణికులను సిబ్బంది బయటికి చేర్చాల్సి వచ్చింది. 1908 వరదకు నూట పదిహేడేళ్లు నిండటానికి ఇంకో రెండు రోజులే ఉంది అప్పటికి. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ నేను మా మేనత్తకు ఫోన్ చేశాను. ఇల్లు ఎత్తున ఉంది, భయం లేదంది. భయం లేదన్న గొంతులో భయం ఉంది.

షికారుకూ, చెరువు అసలు పనికీ ఉన్న పేచీ ఇక్కడ తెలుస్తుంది. వరద ఆపాలంటే సెప్టెంబర్‌లో చెరువులో ఖాళీ ఉండాలి. తాగాలంటే అక్టోబర్ చివరికి నిండి, వేసవికి మెల్లగా తగ్గాలి. చూడటానికి వచ్చేవాళ్లకు ఇవి రెండూ అక్కర్లేదు. వాళ్లకు చెరువు ఏడాది పొడవునా ఒకే గీత దగ్గర నిలబడి ఉండాలి. తగ్గితే బురద కనిపిస్తుంది, పెరిగితే లాన్ మునుగుతుంది. ఒడ్డున విల్లా ఉన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ. జలాశయం అంటే పెరుగుతూ తగ్గుతూ ఉండేది. దాని ఊపిరి అదే. వ్యూ కోసం దాన్ని ఒక గీత దగ్గర ఆపాలని చూస్తే ఇంక అది పని చేయదు.

ఇక రైతులు. వాళ్ల మాట చెప్పకుండా ఈ వాదన ముగిస్తే అన్యాయం. మొయినాబాద్ అవతల నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. మూడెకరాల్లో బంతి, చామంతి, కొంత కూరగాయలు. పండగల ముందు పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వేసుకొస్తాడు. 69 జీవో వచ్చిన నెలలో ఆయన పొలం గట్టు మీద కూర్చుని నేను ఇవే మాటలు చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత అన్నాడు:

"తమ్మీ, నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది. గని ఒక్క ముచ్చట చెప్పు. మీ ఊరోళ్లు నీళ్లు తాగనీకి మా భూమి పాతికేండ్లు ఆగింది. మా బిడ్డ పెండ్లికి అరెకరం అమ్ముదామంటే అడిగేటోడు లేకుండె. కట్ట కింద కోకాపేటల ఎకరం ఎన్ని కోట్లు పలుకుతున్నదో పేపర్ల నువ్వు సూస్తలేవా? పోనీ చట్టం అందరికీ ఒక్కతీరు ఉన్నదా అంటే, మా పక్కపొంటి ఫామ్‌హౌస్‌లు లేవలేదా? ఫంక్షన్ హాళ్లు లేవలేదా? అడ్డం మాకొక్కరికేనా?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ఏడాది ఆగస్టులో కోకాపేట వేలంలో ఒక ప్లాటు ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. ఆ రోజు పేపర్ చూసి ముందు గుర్తొచ్చింది ఆయనే.

ఆయన కోపం పూర్తిగా న్యాయమైంది. నగరం పాతికేళ్లు ఆ 84 ఊళ్ల దగ్గర అప్పు తీసుకుంది, ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. అయితే దానికి మందు ఆంక్షలు ఎత్తేయడం కాదు, అప్పు తీర్చడం. ఇది జరగని పనేం కాదు. న్యూయార్క్ నగరం చేసి చూపించింది. ఆ నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం వాయవ్యాన దూరంగా ఉన్న క్యాట్‌స్కిల్ కొండల్లోని జలాశయాల నుంచి వస్తాయి, అవీ చాలా వరకు వాలు మీదే. న్యూయార్క్‌లో ఉండే మన తెలుగువాళ్లు పొద్దున కాఫీ పెట్టుకునేది ఆ నీళ్లతోనే. 1990ల్లో వాళ్లకు పెద్ద ప్రశ్న వచ్చింది: వందల కోట్ల డాలర్ల దాకా పోయే ఫిల్టర్ ప్లాంట్ కట్టడమా, ఎగువన నేలను కాపాడుకోవడమా? 1997లో ఎగువ ఊళ్లతో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అక్కడి ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి, పాడి రైతులు పశువులను వాగుల్లోకి దింపకుండా ఏర్పాట్లు చేసుకోవడానికి, భూమి అమ్ముతామన్నవాళ్ల దగ్గర కొనడానికి డబ్బు నగరమే పెట్టింది. ఆ ఊళ్లతో గొడవలు లేవని కాదు. కానీ నీళ్లు తాగేవాడు డబ్బు కట్టాడు.

ఇక్కడ నా నీళ్ల బిల్లులో నెలకు ఇంత అని మొయినాబాద్ వైపు రైతుకు వెళ్లే పద్ధతి పెడితే నేను సంతోషంగా కడతాను. లేక్ వ్యూ కోసం లక్షలు కట్టినవాళ్లం, ఆ లేక్‌ను నింపే నేల కోసం వందలు కట్టలేమా? ఎరువులూ మందులూ తగ్గించి పండిస్తే ఎకరానికి ఇంత అని ఏటా ఇవ్వాలి. చేవెళ్ల క్యారెట్, మొయినాబాద్ పూలు నగరానికి ఎటూ కావాలి. ఆ నేల పొలంగా ఉన్నంతకాలం అది చెరువుకు జల్లెడ.

నేను షికారుకు వ్యతిరేకినని కొందరు స్నేహితులు అంటారు. కాదు. ఐదో తరగతిలో ఆ పిక్నిక్ లేకపోతే నేనివాళ ఇది రాసేవాణ్ణి కాదు. జనం చెరువు దగ్గరికి రావాలి. నిజాం వేసవి విడిది సాగర్ మహల్ కూడా అక్కడే ఉంది, అంటే షికారు కట్ట పుట్టినప్పటినుంచీ ఉన్నదే. 2022లో కొత్త పార్కు తెరిచినప్పుడు మా అమ్మాయిని తీసుకుని మొదటి వారాల్లోనే వెళ్లాను. బాగుంది, శుభ్రంగా ఉంది. పిల్లలు పరుగులు తీస్తున్నారు, ముసలివాళ్లు నడుస్తున్నారు. కానీ ఆ సాయంత్రమంతా తిరిగినా ఈ నీళ్లు ఎవరో తాగుతున్నారన్న మాట నాకు ఎక్కడా కనిపించలేదు, ఒక్క మనిషి నోటా వినిపించలేదు. ఒకబ్బాయి చిప్స్ కవరు కట్ట మీంచి నీళ్లలోకి విసిరాడు. నేను "అరేయ్" అన్నాను. వాళ్ల నాన్న నన్ను చూసిన చూపులో, మీకేం పని అన్న ప్రశ్న ఉంది. నా చిన్నప్పుడు నాన్న ఆ కావలి మనిషిని అలా చూడలేదు. ఎందుకంటే ఆయన ఇంట్లో బిందె గండిపేటతో నిండేది.

ఆ న్యూయార్క్ జలాశయాల్లోనూ చేపలు పడతారు, పడవలు తిప్పుతారు. కానీ పర్మిట్ ఉండాలి, వేరేచోట తిప్పిన పడవకు ఆవిరితో కడిగాకే అనుమతి, ఈతకు దిగడం నిషేధం. తాగే చెరువు దగ్గర షికారు అంటే అలా ఉండాలి. చెప్పులు విప్పి దూరంగా కూర్చోవడంలో కూడా ఆనందం ఉంది. దేవుడి ముందు కూర్చుంటాం కదా, గర్భగుడిలోకి వెళ్లాలని గొడవ చేయం కదా.

ఇప్పుడు ఇంకో పథకం వచ్చింది. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి, కొంత నగరానికి ఇచ్చి, కొంత ఈ జంట జలాశయాల్లో నింపి, మూసీని ఏడాదంతా పారించాలని. 2025 సెప్టెంబర్‌లో శంకుస్థాపన అయింది. మూసీ బాగుపడాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. కానీ నా మనసు ఒకచోట ఆగిపోతుంది. మూసీ పుట్టే అనంతగిరి కొండల మీద పడే వాన దానంతటదే దొర్లుకుంటూ వచ్చి గండిపేటలో చేరాలి. అది వచ్చే దారుల్లో మనం వెంచర్లు వేయనిచ్చి, ఎక్కడో గోదావరిలో మోటార్లు పెట్టి మెట్టు మెట్టుగా ఎత్తి అదే చెరువులో పోస్తామంటే, ఆ కరెంటు బిల్లు ఎన్ని తరాలు కడతారు? ముందు ఎగువ వాగుల, కుంటల దారులు తెరవండి. తెగిన కాలువలు కలపండి. ఆ 84 ఊళ్ల మురుగు చెరువులోకి రాకుండా అక్కడికక్కడే శుద్ధి చేయండి. ఆ తర్వాత గోదావరి ఎంత కావాలో లెక్క వేయండి. లెక్క తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు, నగరానికి నీళ్లిచ్చే సంస్థ జలమండలి గండిపేట నీళ్లను ఎండాకాలం ఆదుకునే నీళ్లుగా కాక మొదటి నీళ్లుగా చూడాలి. చెరువులో ఉన్నన్నాళ్లూ వాలు మీద వచ్చేవే ముందు వాడాలి, తక్కువైనప్పుడు దూరపు నీళ్లు కలపాలి. ఏ కాలనీకి ఏ చెరువు నీళ్లు వెళ్తున్నాయో నెలనెలా బిల్లు మీద ఒక్క ముక్క అచ్చువేయాలి. ఖర్చు లేని పని. నా బిల్లు మీద "గండిపేట" అని ఉంటే ఆ చెరువు పక్కన రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్ ఆగినప్పుడు నేను చూస్తూ ఊరుకోను. ఒకసారి చూశాను, ఊరుకున్నాను. ఫోన్ తీసి ఫొటో కొట్టాలని కూడా తోచలేదు. ఆ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది.

దసరా సెలవుల్లో మా అమ్మాయిని మేనత్త ఇంటికి తీసుకెళ్లాను. వంటింట్లో ఇప్పటికీ కుండే. మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అమ్మాయి గ్లాసు నింపుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"అమ్మమ్మా, ఇది గండిపేటేనా?"

"ఇప్పుడు అన్నీ కలిపి వదులుతున్నరు బిడ్డా. ఏది ఎంతనో ఎవరికెరుక." మా మేనత్త దాని పక్కన కూర్చుంది. "గని ఆ దిక్కు వాన పడ్డ వారానికి నల్లాల నీళ్లు జర మట్టి వాసనొస్తయ్. అప్పుడు తెలుస్తది, గండిపేట వచ్చిందని."

అమ్మాయి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత తాగింది.